కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు (ప్రధానంగా రెండేళ్ల కోర్సుల ప్రభుత్వ కాలేజీలు) ఆన్‌లైన్ చదువుకు కాన్వాస్ అనే సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాయి కదా, ఒక్క లాగిన్‌తో అన్నిట్లో చదవవచ్చా?

చదవలేరు, వేదిక ఒకటే అయినా ఏ కాలేజీ లాగిన్ ఆ కాలేజీదే. అక్కడి 100కు పైగా ఉన్న కమ్యూనిటీ కాలేజీలు ఒకప్పుడు బ్లాక్‌బోర్డ్, మూడుల్ వంటి వేర్వేరు వ్యవస్థలు వాడేవి. రెండు కాలేజీల్లో చదివేవారు రెండు వ్యవస్థలనూ విడివిడిగా నేర్చుకోవాల్సి వచ్చేది, అనవసరపు తలనొప్పి. అందుకే 2015లో ఉమ్మడిగా కాన్వాస్‌ను ఎంచుకున్నారు.

ఉదాహరణకు, పాసడీనా కాలేజీలో చదువుతూ శాంటా మోనికా కాలేజీలో ఒక కోర్సు తీసుకున్న విద్యార్థికి అసైన్‌మెంట్లు, మార్కుల లింకులు రెండు చోట్లా తెర ఎడమవైపు ఒకేలాంటి పట్టీలో కనిపిస్తాయి. కానీ నమోదు, లాగిన్ వేరు.

పాఠాలూ ఒకటే అయిపోతాయని చాలామంది పొరపడతారు. ఉమ్మడిగా ఉన్నది తరగతి గది లాంటి సాఫ్ట్‌వేర్ మాత్రమే. పాఠం, పరీక్ష, మార్కులు అధ్యాపకుల చేతిలోనే ఉంటాయి.