పాలు కారితే పారెయ్, నీళ్లు వస్తే వండు

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటో చూశాను. టమాటా కుండీ నిండా ఎర్రటి కాడలతో పాకిందే, "ఎంత పీకినా పోవట్లేదు పెద్దమ్మా" అని విసుక్కున్నావే, అది గంగవాయిలిలాగే ఉంది. పోదు మరి. పీకి పక్కన పడేసిన కాడ కూడా నాలుగు చినుకులు పడితే మళ్లీ వేళ్లూనుకుంటుంది. మీ అత్తగారి వైపు గంగపావిలి, పాయలకూర అంటారు. మా రోజుల్లో కలుపుకు వెళ్లిన ఆడవాళ్లు గంగవాయిలో, చెంచలో, గునుగో ఏదో ఒక ఆకుకూర కొంగులో వేసుకోకుండా ఇల్లు చేరేవాళ్లు కాదు.

అయితే ఫొటో చూసి వండెయ్యమని మాత్రం చెప్పను. ముందు కాడ తుంపి చూడు. నీళ్లలాంటి రసం వస్తే సరే. తెల్లటి పాలు కారితే అది నానబాలు జాతి, కూరకు పనికిరాదు. రెండూ ఒకేచోట నేలనంటుకుని పాకుతాయి. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒడినిండా కోసుకొచ్చి గొప్పగా దింపాను. మా అత్త ఒక్కమాట అనలేదు. చాట ముందేసుకుని కాడ కాడా విరిచి, పాలు కారినవన్నీ ఒక పక్క కుప్ప పోసింది. చివరికి కూరకు మిగిలింది గుప్పెడు. గంగవాయిలి ఆకు దళసరిగా, నున్నగా, నీళ్లు నింపినట్టు ఉంటుంది. పువ్వు చిన్నది, పసుపుపచ్చది. గలిజేరు కూడా దూరం నుంచి అలాగే కనిపిస్తుంది గానీ దాని పువ్వు పసుపు కాదు.

లేత చివర్లే తుంచు. ఎండలకు నీళ్లు చాలని మొక్క రాత్రంతా పులుపు కూడబెట్టుకుని పగలు ఖర్చు పెట్టుకుంటుంది. అందుకే పొద్దున్నే కోస్తే పుల్లగా, సాయంత్రం కోస్తే చప్పగా ఉంటుంది. పప్పులోకి పొద్దుటి ఆకే బాగుంటుంది, చింతపండు సగం తగ్గించుకోవచ్చు. కాడల సందుల్లో ఇసుక ఉంటుంది, మూడు నీళ్లలో జాడించు. గ్లాసు కందిపప్పుకి రెండు మూడు గుప్పెళ్ల ఆకు, నాలుగు పచ్చిమిర్చి. పోపులో వెల్లుల్లి దండిగా ఉండాలి, లేకపోతే ఆ జిగురు నీకు నచ్చదు. పెసరపప్పుతో పొడికూర కూడా చేస్తారు, నాకైతే పప్పే ఇష్టం.

చలవ చేస్తుందని ఎండాకాలం మా అమ్మ వారానికోసారి వండేది. చేపల్లో, అవిసె గింజల్లో ఉంటుందనే ఒమేగా-3 కొవ్వు ఆకుకూరల్లో ఇంత ఉండటం అరుదు. చేపల్లోది, దీనిలోది ఒకే రకం కాదులే. సి విటమిన్, మెగ్నీషియం కూడా ఉన్నాయి. కానీ కిడ్నీలో రాళ్లు కట్టడానికి తోడయ్యే ఆక్సలేట్లు ఎక్కువ. మీ ఆయనకు కిడ్నీలో రాయి వచ్చింది కదా, ఆయన కంచంలో వెయ్యకు. మీరూ రోజూ తినకండి. తిన్నరోజు పెరుగు తప్పకుండా కలుపుకోండి.

మురిక్కాలవ పక్కన, కలుపుమందు కొట్టిన చోట ఎంత నవనవలాడుతున్నా ముట్టుకోకు. నీ మేడమీది కుండీ అయితే భయం లేదు.

పువ్వు వాడాక చిన్న కాయ వస్తుంది. మూత ఊడితే లోపల ఆవాలకన్నా చిన్న నల్లటి గింజలు. టమాటాల్లో వద్దనుకుంటే ఆ మూత ఊడకముందే కోసెయ్. ఆ పగిలిన బకెట్ పారేయకుండా ఉంచావుగా, కొన్ని గింజలు అందులో చల్లు.

మీ పెద్దమ్మ