ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడమేనా?

సందేహం: నాకు ఆటిజం ఉంది. మిక్సీ మోతే కాదు, ట్యూబ్‌లైటు జుయ్యిమన్నా భరించలేను. ఈమధ్య బౌద్ధం చదువుతుంటే ‘ఉపేక్ష’ అలవరచుకోవాలని కనిపించింది. ఇంట్లోవాళ్లు అదే పట్టుకుని ‘చప్పుడుని ఉపేక్షించు, సరిపోతుంది’ అంటున్నారు. ఆ మాటకి అర్థం అదేనా?

సమాధానం: మన వాడుకలో అయితే అదేనండీ. జ్వరాన్ని ఉపేక్షించొద్దని డాక్టర్లూ, అక్రమాలను ఉపేక్షించేది లేదని మంత్రులూ రోజూ చెప్తూనే ఉంటారు. కానీ పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో ‘ఉపేక్ఖా’ దారి వేరు. ఉప, ఈక్ష కలిస్తే ఉపేక్ష. పరీక్షలో, నిరీక్షణలో, ప్రేక్షకుడిలో ఉన్న చూపే ఇందులోనూ ఉంది, అంటే మొహం తిప్పుకోవడం కాదు, అటూ ఇటూ ఒరగకుండా చూడటం. మైత్రి, కరుణ, ముదితల (ముదిత అంటే ఎదుటివారి సంతోషానికి సంతోషించడం) తర్వాత ఇది నాలుగో బ్రహ్మవిహారం, అంటే బౌద్ధంలో అలవరచుకోమనే నాలుగు ఉన్నత భావాల్లో చివరిది. 5వ శతాబ్దపు బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడైతే విసుద్ధిమగ్గం అనే తన గ్రంథంలో, తెలియనితనంతో పట్టనట్టుండటాన్ని ఉపేక్షకి దగ్గరి శత్రువన్నాడు, అంటే పైకి ఉపేక్షలాగే కనిపిస్తూ దాన్ని చెడగొట్టేదని. ఆ లెక్కన మీవాళ్ల సలహా శత్రుపక్షానిది!

‘వేదన’తోనూ ఇదే పేచీ. మనకి వేదనంటే బాధే. పాళీలో సుఖం, దుఃఖం, రెండూ కానిదీ కూడా వేదనలే, ఎందుకంటే దాని మూలం ‘విద్’, తెలియడం. మిక్సీ తిరగగానే చెవిలో సూది దిగినట్టు మీకు తెలుస్తుంది చూడండి, అది వేదన. దాన్ని లేదనుకోమని బుద్ధుడు అనలేదు. బుద్ధుడి బోధల సంకలనమైన సంయుత్త నికాయంలోని సల్లసుత్తంలో రెండు బాణాల పోలిక ఉంది: ఒంటికి తగిలేది మొదటిది, దాని గురించి కుమిలిపోవడం రెండోది. ‘అందరూ హాయిగా టిఫిన్ తింటున్నారు, నాకే ఏమిటీ ఖర్మ’ అని మధ్యాహ్నం దాకా మనసులో నలుగుతుందే, ఆ రెండో బాణం దగ్గరే ఉపేక్షకి పని. మొదటిది మీకు ఎంత లోతుగా దిగిందో పక్కవాళ్ల చెవులతో కొలిస్తే ఎలా?

ఇక ఓర్పు సంగతి. అలాంటిదే మరో సంకలనం మజ్ఝిమ నికాయంలోని సబ్బాసవ సుత్తం ఆసవాలను, అంటే మనసులోని మాలిన్యాలను, వదిలించుకోవడానికి ఏడు దారులు చెప్తుంది. ఓర్చుకోవడం అందులో ఒకటి, నిజమే, కానీ తప్పుకోవడం, అవసరమైనవి వాడుకోవడం కూడా ఉన్నాయి. చలి, ఎండ, దోమల నుంచి కాపాడుకోవడానికే భిక్షువు చీవరం కప్పుకుంటాడని అక్కడే ఉంది. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకున్నా, లేచి పక్క గదిలోకి వెళ్లినా మీ సాధనకి వచ్చిన లోటేమీ లేదు.

ఇంట్లో ‘ఉపేక్ష’ బదులు ‘సమభావం’ అనండి, గొడవ తగ్గుతుంది. మిక్సీ వేసేముందు ఒక కేక వెయ్యమని మాత్రం గట్టిగానే అడగండి.