గాటు గాటునూ పట్టించుకున్న కాట్జ్

ప్రశ్న: నాడి కొస నుంచి రసాయనం ధారగా కాక పొట్లాలుగా విడుదలవుతుందని మా డిగ్రీ పాఠ్యపుస్తకంలో ఉంది. ఆ పొట్లాలను కంటితో చూడకుండానే శరీరధర్మ శాస్త్రవేత్త బెర్నార్డ్ కాట్జ్ ఈ సంగతి ఎలా గ్రహించాడు?
— ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: నాడికీ కండరానికీ మధ్య సందేశం మోసేది ఎసిటైల్ కోలిన్ అనే రసాయనమని 1930ల చివరికే చాలామంది అంగీకరించారు. అది ఏ తీరున బయటికి వస్తుందన్నది మాత్రం తేలలేదు. 1950 ప్రాంతంలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో పాల్ ఫాట్, కాట్జ్ కలిసి కప్ప కండరంలో నాడి వచ్చి కలిసే చోట సన్నని గాజు ఎలక్ట్రోడు గుచ్చి విద్యుత్తును కొలుస్తున్నప్పుడు, నాడిని అసలు ప్రేరేపించని సమయంలో కూడా తెర మీద సుమారు అర మిల్లీవోల్టు ఎత్తున చిన్న చిన్న గాట్లు వేళాపాళా లేకుండా కనిపించాయి. యంత్రం చేసే రొద అని తీసిపారేయడానికి అన్ని విధాలా అనువైన గాట్లవి. వాళ్లు తీసిపారేయలేదు. కండరం మీద ఎసిటైల్ కోలిన్ పనిచేయకుండా అడ్డుకునే క్యురారే విషం వేస్తే గాట్లు అణిగిపోయాయి, ఎసిటైల్ కోలిన్ విచ్ఛిన్నం కాకుండా ఆపే నియోస్టిగ్మిన్ వేస్తే పెద్దవయ్యాయి, నాడి కలిసే చోటు నుంచి కొద్ది దూరం జరిగితే కనిపించనే లేదు. అంటే అవి యంత్రానివి కావు, నాడి కొస విడిచే ఎసిటైల్ కోలిన్‌వే.

అసలు మలుపు ఆ తరువాతిది. 1954లో హోసే డెల్ కాస్టిల్యోతో కలిసి కాట్జ్ ద్రావణంలో కాల్షియం తగ్గించి, మెగ్నీషియం పెంచి, అప్పుడు నాడిని ప్రేరేపించాడు. కండరంలో ప్రతిస్పందన బాగా చిన్నదైంది. అయితే అది ఎంతంటే అంతకు తగ్గలేదు. ఒకసారి ఒక గాటంత, మరోసారి రెండు గాట్లంత, ఇంకోసారి మూడింటంత వచ్చింది, కొన్నిసార్లు ఏమీ రాలేదు. ఎన్నిసార్లు ఎంత వస్తుందన్న లెక్క విడివిడిగా, యాదృచ్ఛికంగా జరిగే సంఘటనలు ఎన్నిసార్లు వస్తాయో చెప్పే గణాంకశాస్త్ర సూత్రం పాయిజాన్ విభాజనానికి సరిపోయింది. కిరాణా కొట్టులో చక్కెరను విడిగా తూచకుండా కట్టి ఉంచిన పొట్లాలే అమ్ముతుంటే, పొట్లం లోపలికి చూడకపోయినా వినియోగదారుల సంచుల బరువులను బట్టి ఒక్కో పొట్లం ఎంతో చెప్పవచ్చు గదా, ఇదీ అటువంటిదే. దాదాపు అదే కాలంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద నాడి కొసలలో గుంపులుగా సూక్ష్మమైన తిత్తులు కనబడ్డాయి. ఒక్కో పొట్లం ఒక్కో తిత్తి అన్న అన్వయం అలా కుదిరింది.

ప్రశ్న: కాట్జ్ జీవితాన్ని గురించి, ఆయన తరువాత ఈ పరిశోధన ఎంతవరకు సాగిందో క్లుప్తంగా తెలుపగలరు.
— ఒక ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆయన 1911లో లైప్‌జిగ్‌లో రష్యా నుంచి వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. అక్కడే వైద్యం చదివి, హిట్లర్ పాలన మొదలయ్యాక 1935లో లండన్ చేరి ఎ.వి. హిల్ దగ్గర పరిశోధన చేశాడు. 1939లో సిడ్నీ వెళ్లి జాన్ ఎకిల్స్, స్టీఫెన్ కఫ్లర్‌లతో పనిచేశాడు, యుద్ధకాలంలో ఆస్ట్రేలియా వైమానిక దళంలో రాడార్ అధికారిగా ఉన్నాడు. బలహీనమైన సంకేతాన్ని రొద నుంచి వేరుచేసే ఓపిక అక్కడే మరింత పదునెక్కి ఉంటుందని నా ఊహ. 1946లో లండన్ తిరిగి వచ్చాడు, 1970లో ఉల్ఫ్ వాన్ ఆయ్లర్, జూలియస్ ఆక్సెల్‌రాడ్‌లతో నోబెల్ పంచుకున్నాడు, 2003లో మరణించాడు.

రికార్డో మిలెడితో కలిసి 1960లలో ఆయన చేసిన ప్రయోగాలు మరో విషయాన్ని స్థిరపరిచాయి: నాడి కొసలోకి కాల్షియం ప్రవేశించడమే తిత్తులు తెరుచుకోవడానికి కారణం. ఆ కాల్షియాన్ని పసిగట్టే ప్రోటీన్ సినాప్టోటాగ్మిన్ అని తరువాత నిరూపించిన థామస్ సుడోఫ్, 2013 నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకడు. కాట్జ్ ప్రయోగశాలలో కొంతకాలం పనిచేసిన బెర్ట్ సాక్‌మన్, ఎర్విన్ నేయర్‌తో కలిసి 1976లో కణపు పొరలో విద్యుదావేశపు రేణువులు (అయాన్లు) దాటే ఒక్క ద్వారం గుండా సాగే విద్యుత్తునే నేరుగా కొలిచాడు.

ప్రశ్న: కట్లపాము కరిచినవారికి కనురెప్పలు వాలిపోతాయి. దీనికీ మీరు చెప్పే తిత్తులకూ సంబంధం ఉందా?
— ఒక రైతు, పల్నాడు

జవాబు: ఉంది. కాట్జ్ పద్ధతిలో గాట్లు చిన్నవైతే లోపం కండరం వైపున, గాట్ల పరిమాణం తగ్గకుండా పొట్లాల సంఖ్య తగ్గితే లోపం నాడి వైపున ఉన్నట్టు. నాగుపాము విషం ప్రధానంగా కండరం మీద ఎసిటైల్ కోలిన్ అంటుకునే చోట్లను మూసివేస్తుంది. కట్లపాము విషం ఆ పనితో పాటు నాడి కొసనే దెబ్బతీస్తుంది, దాంతో విడవడానికి పొట్లాలే మిగలవు. అందుకే నాగుపాము కాటుకు పనికివచ్చే నియోస్టిగ్మిన్ కట్లపాము కాటుకు అంతగా పనిచేయదు, నాడి కొసలు కోలుకునేదాకా రోజుల తరబడి వెంటిలేటరు మీద ఉంచవలసి రావచ్చు. ఈ పాము ఎక్కువగా రాత్రివేళ, నేల మీద నిద్రపోయేవారిని కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి గానీ వాపు గానీ కనిపించవు. కాబట్టి రెప్పలు వాలేదాకా ఆగకుండా, అనుమానం కలిగిన వెంటనే వెంటిలేటరు ఉన్న ఆసుపత్రికి చేరుకోవాలి.