మార్గదర్శకాల కమిటీలో కూర్చోబోతున్న నీకు

అమ్మా,

గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్సకు మార్గదర్శకాలు రాసే కమిటీలో నిన్ను వేశారని తెలిసి సంతోషించాను. టెన్షన్‌గా ఉందన్నావు. ఉండాలి కూడా. నువ్వు రాసిన వాక్యాన్ని ఆలోచించే తీరిక లేనివాళ్లు ఉన్నదున్నట్టు పాటిస్తారు.

ఏ పరిశోధన చేతికొచ్చినా, వాళ్లు దేన్ని లెక్కపెట్టారో ముందు చూడు. నాడి తిరిగి అందడాన్నా, మనిషి తన పని తాను చేసుకునే స్థితిలో ఇంటికి వెళ్లడాన్నా? ఆగిన గుండెను మళ్లీ కొట్టించడానికి ఇచ్చే అడ్రినలిన్ మందు సంగతే తీసుకో. ఇచ్చిన కాసేపటికి మానిటర్‌లో గుండె కదిలితే మాకందరికీ ప్రాణం లేచొచ్చేది. బ్రిటన్‌లో 8,014 మంది మీద జరిగిన పారామెడిక్-2 ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. కొందరికి అడ్రినలిన్, కొందరికి పోల్చి చూడటానికి మందు లేని ఉప్పునీరు, అంటే సెలైన్ ఇచ్చి చూశారు. 30 రోజులకు బతికున్నవాళ్లు అడ్రినలిన్ వైపు 3.2 శాతం, సెలైన్ వైపు 2.4 శాతం. మందు పనిచేసిందనే అనాలి. కానీ మెదడు బాగా ఉండి బయటపడ్డవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పైగా బతికినవాళ్లలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు అడ్రినలిన్ వైపే ఎక్కువ. అయినా ఆ మందును మార్గదర్శకాల్లోంచి తీసేయలేదు. ఎలాంటి బతుకు కోసం ఎంత ప్రయత్నించాలన్నది అంకెలు చెప్పవు. అందుకే ఈ దారిలో వెళ్లొచ్చిన రోగులను, వాళ్ల ఇంటివాళ్లను కూడా చర్చకు పిలవమని పట్టుబట్టు.

'మా అనుభవంలో చూశాం' అనే మాట నాలాంటి పెద్దవాళ్ల నోటినుంచే వస్తుంది. పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డలకు నేను ఏళ్ల తరబడి నూరు శాతం ఆక్సిజన్ పెట్టాను. ఎక్కువిస్తే మంచిదే కదా అనుకున్నాను. నెలలు నిండిన బిడ్డలకు మామూలు గాలితో మొదలుపెడితేనే మరణాలు తగ్గుతున్నాయని ట్రయల్స్‌లో తేలాక, 2010లో మార్గదర్శకాలు మారాయి. ఆ బిడ్డలు నాకింకా గుర్తొస్తారు. చెప్పేది నేనైనా సరే, రుజువు అడుగు.

అలాగని ట్రయల్ లేదని చేతులు కట్టుకోకు. 2005లో ఛాతీ నొక్కుళ్లకు, మధ్యలో మనం రోగికి ఇచ్చే ఊపిరులకు మధ్య నిష్పత్తిని 15:2 నుంచి 30:2కు మార్చినప్పుడు, ఆ రెండింటినీ మనుషుల్లో పోల్చిన ట్రయల్ లేదు. నొక్కడం ఆపిన ప్రతిసారీ రక్తప్రసరణ పడిపోతుందన్న అవగాహనతో మార్చారు. అలాంటి చోట 'ఆధారం బలహీనం' అని సిఫారసు పక్కనే రాయండి, అడుగున చిన్న అక్షరాల్లో కాదు.

డ్రాఫ్ట్ అయ్యాక, కొత్తగా చేరిన నర్సుకు ఇచ్చి శిక్షణకు వాడే మనిషి బొమ్మ మీద చేయించి చూడు. ఆమె ఎక్కడ ఆగి మళ్లీ చదువుకుంటే ఆ వాక్యం తిరగరాయి.

ఆశీస్సులతో,
నీ పాత మాస్టారు