మాయాబజార్ శకుని సీఎస్సార్ గారు అంతకుముందు ఏం చేసేవారు?

శకుని లాంటి వేషాలు కాకుండా ఇంకేమన్నా వేశారా, నాటకాల నుంచి వచ్చారంటారు నిజమేనా అని అడిగారు కదా, నిజమేనండీ, పైగా మొదట్లో హీరో. మా తాతయ్య ముందు శకుని అంటే ఒప్పుకునేవాడే కాదు, "మాకు ఆయన కృష్ణుడురా" అనేవాడు. సీఎస్సార్ అంటే చిలకలపూడి సీతారామాంజనేయులు, పుట్టింది 1907లో, స్టేజీ మీద పద్యం పాడి పేరు తెచ్చుకున్న మనిషి. 1936లో ద్రౌపది కథ మీద రెండు సినిమాలు పోటాపోటీగా వస్తే ఒకదాంట్లో బళ్ళారి రాఘవ దుర్యోధనుడు, రెండోదాంట్లో ఈయన కృష్ణుడు. 1939లో పి.పుల్లయ్య గారి సినిమాలో ఏకంగా వెంకటేశ్వరస్వామి, పద్మావతి ఏమో శాంతకుమారి. తర్వాత పాతాళభైరవిలో రాజుగారు, ఇంకా చాలా ఉన్నాయి లెండి.

1955 కన్యాశుల్కంలో రామప్పంతులు. దానికీ పుల్లయ్య గారే డైరెక్టరు, అప్పుడు దేవుణ్ణి చేసినాయనే ఇప్పుడు పంతుల్ని చేశాడన్నమాట. డిగ్రీలో మేము యానివర్సరీకి కన్యాశుల్కం రెండు సీన్లు వేశాం, రామప్పంతులు నేనే. క్యాసెట్ అరిగేలా చూసి కళ్ళు చిట్లించి మెలికలు తిరుగుతూ డైలాగ్ చెప్తుంటే మా తెలుగు మాస్టారు ఆపేసి "ఒరే, వాడు దొంగననుకోడురా, ఊళ్ళో పెద్దమనిషిననుకుంటాడు, నువ్వు ముందే దొంగనవ్వు నవ్వేస్తే ఎట్లా" అన్నారు. ఇంటికెళ్ళి మళ్ళీ చూస్తే అదే నిజం, సీఎస్సార్ కళ్ళు గట్రా ఏం తిప్పట్లేదు, పద్యం చదివినంత శుభ్రంగా మాట విరుస్తూ, మధ్యలో చిన్న గ్యాప్ ఇచ్చి, అబద్ధాన్ని ఎంతో మర్యాదగా చెప్తున్నాడు. కృష్ణుడికి వాడిన గొంతే అది, వేషమే మారింది. నేనూ స్టేజీ మీద ఆ గ్యాప్ ఇచ్చా, ఇచ్చాక తర్వాతి మాట మర్చిపోయా, పక్కనుంచి ప్రాంప్టింగ్ హాలంతా వినపడింది, నా నాటకాలు అంతటితో సరి.

శకునిలో అందరూ పాచికలే చెప్తారు గానీ నాకు సత్యపీఠం సీన్ ఇష్టం, ఎక్కినవాళ్ళ చేత నిజం చెప్పించే మాయపీట అది. సినిమా అంతా తియ్యగా మాట్లాడినవాడు దానిమీద ఎక్కగానే మనసులోది మొత్తం కక్కేస్తాడు, ఈసారి అక్కడ డైలాగ్ కన్నా మొహం చూడండి. 1961 జగదేకవీరుని కథలో "హే రాజన్!" అంటూ రాజుగారిని కాకా పట్టే మంత్రి వేషం కూడా వదలకండి. ఆ తర్వాత రెండేళ్ళకే, 1963లో పోయారు, అరవై కూడా రాలేదు. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ ఎవరన్నా పనుండి కాకా పడుతుంటే వెంటనే అందుకుంటాం, "హే రాజన్!" అని.