ఇద్దరు కట్టిన పాటకు ఎవరి పేరు?

ప్రశ్న: నేను పాట రాసి బాణీ కడతాను. నా స్నేహితుడు కంప్యూటర్‌లో రిథమ్, కీబోర్డ్, మిక్సింగ్ చేస్తాడు. మా పాటను ఒక గాయని విడుదల చేస్తానన్నారు. బాణీ నాదే కనుక సంగీతం దగ్గర నా పేరొక్కటే చాలని నేను, ఇద్దరి పేర్లూ ఉండాలని అతను అంటున్నాం. ఏది న్యాయం?
– ఒక పాఠకుడు, రాజాం, విజయనగరం జిల్లా

జవాబు: మీ స్నేహితుడు అడిగినదే న్యాయమని నా అభిప్రాయం. సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారి కుమారుడు కోటి, టి.వి. రాజుగారి కుమారుడు రాజ్ జంటగా పనిచేసిన కాలంలో సంగీతం దగ్గర ‘రాజ్-కోటి’ అనే వేసుకున్నారు. ఏ పల్లవి ఎవరికి తట్టిందన్న లెక్క శ్రోతల దాకా రాలేదు.

రిథమ్ చేసిన వ్యక్తిని సహాయకుడిగా చూడటం మన దగ్గర ఇంకా పోలేదు. అది నాకు బాధ కలిగించే విషయం. అమెరికన్ గాయని జానెట్ జాక్సన్ 1986 ఆల్బమ్ ‘కంట్రోల్’లో జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్ అనే సంగీత నిర్మాతల జంట డ్రమ్ మెషిన్‌తో, సింథసైజర్లతో కట్టిన దరువును తీసేస్తే ఆ పాటల స్వభావమే మారిపోతుంది. 2006లో బియాన్సే పాడిన ‘ఇర్రీప్లేసబుల్’కు స్టార్‌గేట్, ఎస్పియొనాజ్ అనే రెండు నార్వే జంటలు సంగీతం సమకూర్చగా, ఆ నలుగురి పేర్లూ గాయకుడు, గీత రచయిత నీ-యో, బియాన్సేల పేర్లతోపాటు పాట రచయితల జాబితాలోనే ఉన్నాయి.

అయితే మీ స్నేహితుడు చేసింది గొంతు, వాద్యాల స్థాయులు సరిచేయడం వరకే అయితే అది మిక్సింగ్ కిందికి వస్తుంది, స్వరరచన కాదు. చరణానికి ముందు వచ్చే కీబోర్డ్ బిట్టును తానే కట్టి, దానికి తగ్గట్టు మీరు బాణీని మార్చుకుని ఉంటే మాత్రం, ఎవరి భాగం ఎక్కడ ముగిసిందో విడదీయలేని ఆ సంగీతం 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో ఉమ్మడి రచన అవుతుంది. సాహిత్యం వేరే రచన కనుక ఆ హక్కు మీ ఒక్కరిదే.

గాయనికి ఫైలు పంపకముందే పాట పేరు, ఇద్దరి అసలు పేర్లు, సాహిత్యంలో, సంగీతంలో ఎవరి వాటా ఎంత శాతం, తేదీ ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. రికార్డింగు హక్కు, అంటే రికార్డు చేసిన ఆడియో మీద హక్కు, వేరే సంగతి కాబట్టి అది ఎవరి పేరిట ఉంటుందో గాయనితో విడిగా రాయించుకోండి. ఆవిడ ఒకేసారి మొత్తం ఇచ్చి రాయల్టీ కూడా వదులుకోమంటే ఒప్పుకోనక్కరలేదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం ఆ రాయల్టీ హక్కును వారసులకో, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సంఘానికో తప్ప వేరెవరికీ రాసివ్వడం చెల్లదు.