ప్రింటు వస్తోంది, స్కాన్ మాత్రం ఫోల్డర్‌లోకి చేరడం లేదు

ప్రశ్న: మాది చిన్న టాక్స్ ప్రాక్టీస్ ఆఫీసండి, నలుగురం పనిచేస్తాం. ప్రింటు, జెరాక్సు, స్కానింగ్ మూడూ చేసే పాత మెషీన్ ఒకటి ఉంది. క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అందులో పెట్టి బటన్ నొక్కితే నా కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో పీడీఎఫ్ వచ్చి పడేది. విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని విండోస్ 11 ప్రో ఉన్న కొత్త కంప్యూటర్ కొన్నాం. అప్పటినుంచీ ప్రింటు బాగానే వస్తోంది, స్కాన్ మాత్రం పేజీలన్నీ లాగేసి చివర్లో కనెక్షన్ ఎర్రర్ అంటోంది. ఫైర్‌వాల్ ఆపేసి, ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయాలనీ, అప్పటికీ కాకపోతే మెషీన్ మార్చాలనీ టెక్నీషియన్ అంటున్నాడు. గడువు దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఫైర్‌వాల్ ఆపకండమ్మా. ఎస్‌ఎంబీ అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకోవడానికి కంప్యూటర్లు, మెషీన్లు మాట్లాడుకునే భాష, 1 దాని పాత వెర్షన్. దాని జోలికీ వెళ్లొద్దు, ఎందుకో కింద చెప్తాను. మెషీన్ మార్చే మాట ఇప్పుడే అక్కర్లేదు.

ప్రింటు వస్తున్నప్పుడు స్కాన్ ఎందుకు రాదని చాలామంది అడుగుతారు. ప్రింటు తీసేటప్పుడు కంప్యూటరే మెషీన్ దగ్గరకు వెళ్తుంది. స్కాన్‌లో అది తిరగబడుతుంది: మెషీన్ ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పట్టుకుని మీ కంప్యూటర్ గుమ్మం ముందు నిలబడి తలుపు తట్టాలి. కాబట్టి ప్రింటు వస్తోందంటే నెట్‌వర్క్ బాగుందని తెలుస్తుంది, అంతే. తలుపు తెరుచుకుంటుందో లేదో తెలియదు.

ముందుగా ఆఫీసులో ఇంకో కంప్యూటర్ దగ్గర కూర్చుని, విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో రెండు బ్యాక్‌స్లాష్‌లు, మీ కొత్త కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు), ఇంకో బ్యాక్‌స్లాష్, ఫోల్డర్ షేర్ పేరు కొట్టండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగితే మెషీన్ అడ్రస్ బుక్‌లో (స్కాన్ ఎక్కడికి పంపాలో రాసి ఉండే చోటు) ఏవి ఉన్నాయో సరిగ్గా అవే ఇవ్వండి. ఫోల్డర్ తెరుచుకోకపోతే తప్పు మీ కంప్యూటర్‌ది, మెషీన్‌ను ముట్టుకోవద్దు. తెరుచుకుని, అందులో చిన్న ఫైల్ కూడా సేవ్ చేయగలిగితే అప్పుడు మెషీన్ వైపు చూడాలి. ఈ ఒక్క పని చేయకుండా నలుగురు నాలుగు సెట్టింగులు మార్చేసి, చివరికి ఏది మార్చామో గుర్తులేక తల పట్టుకున్న ఆఫీసులు నేను చాలా చూశాను.

కంప్యూటర్ వైపు తప్పుంటే నేను మొదట అనుమానించేది పిన్‌ని. కొత్త విండోస్‌లో అందరూ నాలుగంకెల పిన్‌తో లోపలికి వెళ్తున్నారు, అదే మెషీన్‌లోనూ కొడుతున్నారు. పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. అసలు పాస్‌వర్డే పెట్టని అకౌంట్‌ను కూడా విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు. అందుకని మీ సొంత అకౌంట్ వాడకుండా, స్కానర్ కోసమే విడిగా ఒక లోకల్ యూజర్‌ను తయారుచేయండి. పాస్‌వర్డ్ పొడుగ్గా, ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలతో పెట్టండి. ప్రత్యేక గుర్తులు ఉంటే కొన్ని పాత మెషీన్లు తడబడతాయి. ఫోల్డర్‌కు షేరింగ్‌లో ఒకసారి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇంకోసారి, రెండుచోట్లా ఆ యూజర్‌కు రాసే అనుమతి ఇవ్వాలి. ఒకచోట ఇచ్చి ఇంకోచోట మరిచిపోతే లేనట్టే.

ఇక ఫైర్‌వాల్. కొత్త నెట్‌వర్క్‌ను విండోస్ చాలాసార్లు పబ్లిక్ అనుకుంటుంది, అప్పుడు ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు మూసే ఉంటుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ప్రైవేట్‌గా మార్చి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేస్తే చాలు. గోడ మొత్తం పడగొట్టక్కర్లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, పక్క కంప్యూటర్‌లో ఫోల్డర్ తెరుచుకుంటూ, మెషీన్‌కు మాత్రం తెరుచుకోవడం లేదనుకోండి. అడ్రస్ బుక్‌లో ఇంకా పాత కంప్యూటర్ పేరో ఐపీయో ఉందేమో చూడండి. అదీ కాదంటే రెండింటికీ భాష కలవడం లేదన్నమాట. పాత మెషీన్లు కొన్ని ఎస్‌ఎంబీ 1లో తప్ప మాట్లాడలేవు. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై వైరస్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది ఈ ఎస్‌ఎంబీ 1లోని లోపం వల్లే, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో దాన్ని తీసేయడం మొదలుపెట్టారు. మీ దగ్గరున్నవి ఊళ్లోవాళ్ల పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, బ్యాంకు వివరాలు. వాళ్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చిన కాగితాలున్న కంప్యూటర్‌లో ఆ తలుపు మళ్లీ తెరవమని నేను చెప్పలేను.

మెషీన్ ఐపీని బ్రౌజర్‌లో కొడితే దాని సెట్టింగ్స్ పేజీ వస్తుంది. అక్కడ ఎస్‌ఎంబీ 2, 3 టిక్ చేసే చోటు ఉందేమో చూడండి, కంపెనీవాళ్ల దగ్గర కొత్త ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే వేయించండి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో ఎస్‌ఎంబీ సైనింగ్, అంటే పంపే ప్రతి సందేశం మీద డిజిటల్ సంతకం, తప్పనిసరి అయింది, అది రాని మెషీన్లు ఎస్‌ఎంబీ 2 తెలిసినవైనా సరే గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. అడ్డం అదేనా అని తేల్చుకోవడానికి, లోకల్ సెక్యూరిటీ పాలసీలో మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ సర్వర్ పేరుతో మొదలై 'ఆల్వేస్' అని ముగిసే డిజిటల్ సైనింగ్ నియమాన్ని ఒక్క స్కాన్ కోసం ఆపి చూసి, వెంటనే మళ్లీ ఆన్ చేయండి.

ఫర్మ్‌వేర్ దొరకకపోయినా దారి ఉంది. మెషీన్‌ను తలుపు తట్టమనడం మానేసి, కంప్యూటర్‌నే మెషీన్ దగ్గరకు పంపండి. స్కానర్ డ్రైవర్ వేసుకుని, విండోస్ స్కాన్ యాప్‌లోనో కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనో స్కాన్ నొక్కితే, ప్రింటు వెళ్లే దారిలోనే స్కాన్ మీ దగ్గరకొస్తుంది. షేర్డ్ ఫోల్డరూ వద్దు, పాస్‌వర్డూ వద్దు. కాగితం మెషీన్‌లో పెట్టి మళ్లీ సీటు దగ్గరకు నడవాలి, నిజమే. గడువు దగ్గరున్నప్పుడు నేనైతే ఈ పూటకు ఇదే చేసి, మిగతాది ఆదివారం తీరిగ్గా చూసుకుంటాను.

ప్రశ్న: మా జెరాక్స్ సెంటర్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా స్కాన్ ఫోల్డర్‌లోకి రావడం ఆగిపోతోంది, రెండు రోజులకు ఒక్కోసారి దానంతట అదే వస్తోంది. ఎందుకు? – ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: కరెంటు వచ్చాక రౌటర్ మీ కంప్యూటర్‌కు వేరే ఐపీ ఇస్తున్నట్టుంది, మెషీన్ పాత నంబరుకే పంపుతోంది. ఎప్పుడైనా ఆ పాత నంబరే తిరిగొస్తే బాగైపోయినట్టు కనిపిస్తుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, అక్కడ మీ కంప్యూటర్‌కు ఒక నంబరు ఖాయం చేసి, అదే నంబరు మెషీన్ అడ్రస్ బుక్‌లో రాయండి.